ఆరు నిమిషాల ప్రశ్న, వారం రోజుల ప్రశ్న

మ్యాథమెటిక్స్, యాక్చూరియల్ సైన్స్ (బీమా, పింఛను సంస్థల ప్రమాదాలను లెక్కగట్టే శాస్త్రం; ఆ పని చేసేవాళ్లే యాక్చువరీలు) కలిపి డిగ్రీ చేద్దామనుకునే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని పేపర్లకు ఎగ్జెంప్షన్ వస్తుంది?" ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు అన్నవి ఆ తర్వాత. అది కూడా అడిగితే. తల్లిదండ్రులైతే ఇంకో అడుగు ముందుకేసి, ఒక్కో ఎగ్జెంప్షన్‌కి ఎన్ని నెలలు కలిసొస్తాయో లెక్క వేసుకుని మరీ వస్తారు. బీమా వాళ్ల కంటే వాళ్లే మంచి యాక్చువరీలు అనిపిస్తుంది ఒక్కోసారి.

ఈ గొడవ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యాక్చువరీ కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, వృత్తి సంఘం పెట్టే పరీక్షలు వరసగా పాసవ్వాలి. దానికి ఏళ్లు పడుతుంది. కొన్ని యూనివర్సిటీల కోర్సులను ఈ సంఘాలు గుర్తించి, అక్కడ ఫలానా సబ్జెక్టులో ఇన్ని మార్కులు తెచ్చుకుంటే మా ఫలానా పేపరు రాయనక్కర్లేదు అంటాయి. లండన్, ఎడిన్‌బరో సంఘాలు 2010లో కలిసి ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ అండ్ ఫ్యాకల్టీ ఆఫ్ యాక్చువరీస్‌నే తీసుకుంటే, స్టాటిస్టిక్స్ మొదటి పేపరు సీఎస్1, వడ్డీ లెక్కలూ జీవిత బీమా లెక్కలూ ఉండే సీఎం1 ఇలా డిగ్రీలోనే తీరిపోవచ్చు. మంచి ఏర్పాటే. దానితో నాకు పేచీ లేదు. దాని చుట్టూ డిగ్రీ మొత్తాన్ని అల్లుకోవడంతోనే నా పేచీ.

ఈ డిగ్రీలో యాక్చూరియల్ సైన్స్ భాగాన్ని యూనివర్సిటీ బయట కూడా నేర్చుకోవచ్చు. నోట్స్ దొరుకుతాయి, పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి, ఉద్యోగంలో చేరితే రోజూ ఆ లెక్కలే. ఫిజిక్స్ చదివినవాళ్లు, ఇంజనీరింగ్ చదివినవాళ్లు అలా నేర్చుకునే యాక్చువరీలు అవుతున్నారు. గణితం భాగం అలా కాదు. రియల్ అనాలిసిస్‌ని, అంటే కాలిక్యులస్‌ని పునాదుల నుంచి నిరూపించుకుంటూ వెళ్లే గణితాన్ని, ఉద్యోగంలో చేరాక, సాయంత్రం ఇంటికొచ్చి మొదటి నుంచి నేర్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. నిరూపణ రాసి చూపిస్తే, "మూడో వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగే మనిషి ఎదురుగా ఉండేది ఆ మూడు నాలుగేళ్లే. అందుకే ఎగ్జెంప్షన్ మార్కుల కోసం గణితం పేపర్లను తేలికవాటితో మార్చుకోవడం నా దృష్టిలో నష్టపు బేరం.

ఎందుకో చెప్పాలంటే ముందు పరీక్షల సంగతి చెప్పాలి. అమెరికా సొసైటీ ఆఫ్ యాక్చువరీస్ పెట్టే ప్రాబబిలిటీ పరీక్షలో మూడు గంటలకు 30 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు ఆరు నిమిషాలు, ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. దీన్ని తీసిపారేసేవాళ్లు ఓ నాలుగు ప్రశ్నలు చేసి చూడాలి. డబుల్ ఇంటిగ్రల్ హద్దులు తప్పకుండా పెట్టి, డిడక్టిబుల్ (నష్టంలో పాలసీదారే భరించే మొదటి భాగం) తీసేసి, సగటు కనుక్కుని, ఆరు నిమిషాల్లో బయటపడాలంటే చెయ్యి బాగా తిరిగి ఉండాలి. ఆ వేగం ఉద్యోగంలోనూ పనికొస్తుంది.

కానీ ఆరు నిమిషాల ప్రశ్నలన్నిటికీ ఒక పోలిక ఉంది. "క్లెయిముల సంఖ్య పాయిసాన్ డిస్ట్రిబ్యూషన్‌ని అనుసరిస్తుంది, క్లెయిములకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు" అని మొదటి వాక్యంలోనే రాసి ఉంటుంది. వాళ్లు రాశారు, మనం నమ్మాం, లెక్క మొదలైంది. నమ్మకపోవడానికి టైము కూడా లేదు. బీమా కంపెనీలో ఆ మొదటి వాక్యాన్ని ఎవరూ రాసివ్వరు. అది మనమే రాయాలి, రాశాక పై అధికారికీ ఆడిటర్‌కీ ఎందుకు రాశామో చెప్పుకోవాలి.

ఒక ఉదాహరణ దగ్గర పెట్టుకుని చూద్దాం. ఏడాది పాటు ఉండే జీవిత బీమా. పాలసీ తీసుకున్న ఒక్కొక్కరు ఆ ఏడాదిలో చనిపోయే అవకాశం నూటికి ఒకటి. పాలసీలు 10,000. సగటున 100 మరణాలు. ఒకరి మరణానికీ ఇంకొకరి మరణానికీ సంబంధం లేదనుకుంటే స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు చుట్టూ ఉండే ఊగిసలాట కొలత, దాదాపు 10. అంటే చాలా ఏళ్లు మరణాలు 80కీ 120కీ మధ్యే ఉంటాయి. పాలసీలు 10 లక్షలు చేద్దాం. సగటు 10,000, స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 100. పది శాతం ఊగిసలాట కాస్తా ఒక్క శాతానికి దిగింది. జనం పెరిగేకొద్దీ బీమా నిలకడగా మారుతుందని చెప్పే పాఠం, పెద్ద సంఖ్యల నియమం, ఇదే. బోర్డు మీద ఇది చూసినప్పుడు క్లాసంతా హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.

ఇప్పుడు ఒక్క చిన్న మార్పు. కొన్ని ఏళ్లు మంచివి, కొన్ని చెడ్డవి అనుకుందాం. మంచి ఏడాదిలో అందరికీ మరణించే అవకాశం 0.8 శాతం, జబ్బుల ఏడాదిలో అందరికీ 1.2 శాతం. ఏ ఏడాది వస్తుందో ముందుగా తెలియదు, రెండిటికీ సమాన అవకాశం. ఒక్క మనిషిని పట్టుకుని అడిగితే అతని అవకాశం ఇప్పటికీ కచ్చితంగా నూటికి ఒకటే. సగటు మారలేదు, ప్రీమియం లెక్క మారదు. కానీ 10,000 పాలసీలకు స్టాండర్డ్ డీవియేషన్ 10 నుంచి 22కి పెరుగుతుంది. 10 లక్షల పాలసీలకైతే 100 నుంచి 2,000కి. అంటే ఒక్క శాతం కాదు, సగటులో 20 శాతం. ఇంకో కోటి పాలసీలు అమ్మినా ఆ 20 శాతం తగ్గదు. వేరియన్స్‌ని (స్టాండర్డ్ డీవియేషన్ వర్గాన్ని) రెండు ముక్కలుగా విడగొడితే విషయం బయటపడుతుంది: ఒక ముక్క పాలసీల సంఖ్యతో పెరుగుతుంది, రెండోది సంఖ్య వర్గంతో. మొదటిది జనంలో కలిసి కరిగిపోతుంది, రెండోది కరగదు.

పెద్ద సంఖ్యల నియమం ఇక్కడ తప్పిందా? లేదు. ఆ సిద్ధాంతంలో "స్వతంత్ర" అనే షరతు ఒకటి ఉంది, మనం దాన్ని తీసేశాం, సిద్ధాంతం మన చెయ్యి వదిలేసింది. నిజానికి ఈ లెక్క యాక్చూరియల్ పేపర్లలోనూ ఉంటుంది. అక్కడ దీనికి జవాబు తేవడం నేర్పుతారు. గణితం క్లాసులో ఇంకో అలవాటు పట్టుబడుతుంది: ఏ సిద్ధాంతం చూసినా ఒక్కో షరతూ తీసేసి, ఇప్పుడెక్కడ విరుగుతుందో వెతకడం. కంటిన్యుయస్ అని ఉంటే ఆ మాట తీసెయ్, మూసిన అంతరం అని ఉంటే తెరిచెయ్, ఏమవుతుందో చూడు. ఎదురు ఉదాహరణ దొరికేదాకా వదలకు. ఒక్కో దానికి వారం పట్టొచ్చు, ఆ వారంలో రాసిందంతా చెత్తబుట్టకే పోవచ్చు. మార్కులు రెండో మూడో. ఇరవయ్యేళ్ల వయసులో ఆ పని ఎందుకూ పనికిరానట్టే ఉంటుంది. అనాలిసిస్ నిరూపణల్లో వచ్చే ఎప్సిలాన్, డెల్టాలను తిట్టుకోని విద్యార్థి ఉండడు.

ఆ అలవాటు ఆఫీసులో ఎలా కనిపిస్తుందో చెబుతాను. మా టీములో కొత్తగా చేరిన ఓ అమ్మాయి, గణితం డిగ్రీ, ఒక్క ఎగ్జెంప్షన్ కూడా లేదు. యాన్యుటీ (బతికున్నంత కాలం ఏటా డబ్బిచ్చే పాలసీ) లెక్కల గుర్తులు కూడా మా దగ్గరే నేర్చుకుంది. ఒక పాత పాలసీ మోడల్ చూపిస్తుంటే, "మధ్యలో పాలసీ వదిలేసేవాళ్ల రేటునూ మరణాల రేటునూ విడివిడిగా పెట్టి గుణించారు కదా, ఆ రెండిటికీ సంబంధం లేదని మనకెలా తెలుసు సార్?" అని అడిగింది. ప్రీమియం పెరిగినప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ముందు పాలసీ వదిలేస్తారు, వాళ్లకు బయట ఇంకో పాలసీ చవగ్గా దొరుకుతుంది కాబట్టి. జబ్బుతో ఉన్నవాడు ఎందుకు వదులుతాడు? అలా మిగిలే గుంపు రానురాను బలహీనపడుతుంది. ఈ సంగతి వృత్తిలో అందరికీ తెలిసిందే, దీని మీద ఎంతో రాశారు కూడా. కానీ ఎవరూ చెప్పకుండా, గుణకారం గుర్తు చూసి ఆగి, ఇక్కడో షరతు దాగి ఉందని పట్టుకున్నది ఆ అమ్మాయి. ఎగ్జెంప్షన్లన్నీ సంపాదించుకుని వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు అదే షీటును వారాల తరబడి నడిపారు. వాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. గుణకారం గుర్తు దగ్గర ఆగాలని వాళ్లకెవరూ అలవాటు చెయ్యలేదు.

ఇంతదాకా చదివినవాళ్లకు నేను గణితం వాళ్ల పక్షమేమో అనిపించొచ్చు. వాళ్లతోనూ నాకు తగాదా ఉంది. ప్యూర్ మ్యాథ్స్ విద్యార్థుల్లో కొందరికి యాక్చూరియల్ వాళ్లంటే చిన్నచూపు. "వడ్డీ లెక్కలు" అని ఒక నవ్వు నవ్వుతారు. వాళ్లకు ఒక్క సమీకరణం చూపించాలనిపిస్తుంది నాకు. కోపెన్‌హాగన్ అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రజ్ఞుడు థోర్వాల్ థీలే. 1872లో హఫ్నియా అనే బీమా కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు, దాని యాక్చువరీ కూడా. 1875లో అతను ఒక డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాసుకున్నాడు. ఒక పాలసీ కోసం కంపెనీ దగ్గర ఉంచాల్సిన నిధి, అంటే రిజర్వ్, క్షణక్షణం ఎలా మారుతుందో అది చెబుతుంది. మాటల్లో చెప్పుకుంటే ఇంతే: నిధి వడ్డీ వల్ల పెరుగుతుంది, వచ్చే ప్రీమియం వల్ల పెరుగుతుంది, ఆ క్షణపు మరణ రేటును, చనిపోతే ఇవ్వాల్సిన మొత్తంలోంచి అప్పటికే ఉన్న నిధిని తీసేయగా మిగిలిన దానితో గుణిస్తే ఎంత వస్తుందో అంత తరుగుతుంది.

ఆ చివరి ముక్క దగ్గర కాసేపు ఆగాలి. పాలసీదారు చనిపోతే కంపెనీ ఇచ్చేది పూర్తి మొత్తం, కానీ కంపెనీకి అసలు నష్టం అది కాదు, ఎందుకంటే ఆ మనిషి కోసం పక్కన పెట్టిన నిధి ఇక అక్కర్లేదు. రెండిటి తేడాయే ప్రమాదంలో ఉన్న డబ్బు. పొదుపు కలిసిన ఎండోమెంట్ పాలసీ చివరికొచ్చేసరికి నిధి పెరిగి పెరిగి ఇవ్వాల్సిన మొత్తాన్ని తాకుతుంది, ఆ తేడా సున్నా అవుతుంది, అప్పుడు మరణ రేటు ఎంతున్నా కంపెనీకి పట్టింపు లేదు. అలాగే యాన్యుటీలో చనిపోతే ఇచ్చేది ఏమీ లేదు, తేడా గుర్తు మారిపోతుంది, మరణం వల్ల నిధి మిగిలినవాళ్ల కోసం పెరుగుతుంది. బీమా వ్యాపారం, పింఛను వ్యాపారం, పొదుపు వ్యాపారం, మూడూ ఒకే గీతలో. మొదటి ఆర్డర్ లినియర్ ఈక్వేషన్, రెండో ఏడాది విద్యార్థి ఎవరైనా సాధిస్తారు. కానీ దాన్ని మనుషుల సంగతిగా చదవడం గణితం క్లాసులో ఎవరూ నేర్పరు. నాకు మాత్రం డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఒంటికి పట్టింది యాక్చూరియల్ పాఠంలోనే, అందుకే ఈ రెండు సబ్జెక్టులూ ఒకే డిగ్రీలో ఉండాలంటాను.

చరిత్ర చూసినా ఈ రెండిటి మధ్య గోడ కొత్తగా కట్టిందే. 1693లో మరణాల పట్టిక వేసింది తోకచుక్క హేలీయే. బ్రెస్లావ్ నగరంలో కాస్పర్ నోయ్‌మాన్ అనే మతాచార్యుడు సేకరించిన జనన మరణాల లెక్కల నుంచి తీశాడు. అందులో నలభై ఏళ్లవాళ్లు 445 మంది ఉంటే నలభై ఏడుకి 377 మంది మిగులుతారు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ప్రభుత్వం యాన్యుటీలను వయసు చూడకుండా అందరికీ ఒకే ధరకు అమ్ముతుండేది. అది ఎంత అర్థంలేని పనో హేలీ పట్టిక చెప్పకనే చెప్పింది. లెక్కలన్నీ చేత్తో చెయ్యాలి కాబట్టి అబ్రహామ్ డి మువావ్ర్ 1725లో ఒక ఉపాయం పన్నాడు: మరణాల పట్టిక 86 ఏళ్ల దగ్గర ముగిసే సరళరేఖ అనుకుంటే యాన్యుటీ విలువ చిన్న సూత్రంలో వచ్చేస్తుంది. ఇదే మనిషి 1733లో గంట ఆకారపు నార్మల్ కర్వ్ దాకా వెళ్లాడు.

అందరికంటే నాకు హారాల్డ్ క్రామెర్ ఇష్టం. స్వీడన్ మనిషి. 1917లో అనలిటిక్ నంబర్ థియరీ వైపు డాక్టరేట్ చేశాడు, తర్వాత బీమా కంపెనీలో యాక్చువరీగా పనిచేశాడు, 1929లో స్టాక్‌హోమ్‌లో యాక్చూరియల్ గణితానికి కొత్తగా పెట్టిన ప్రొఫెసర్ పదవిలో కూర్చున్నాడు. బీమా కంపెనీ ఎప్పుడు దివాలా తీస్తుందన్న ప్రశ్నను ఫిలిప్ లుండ్‌బెరి 1903లోనే తన థీసిస్‌లో ఎత్తాడు, కానీ అతని రాత చాలామందికి కొరుకుడు పడలేదు. దాన్ని గట్టి గణితంగా నిలబెట్టింది క్రామెర్. ఆ పనిలోంచే 1938లో లార్జ్ డీవియేషన్స్ సిద్ధాంతం (సగటుకు చాలా దూరంగా పడే అరుదైన ఘటనల అవకాశాన్ని కొలిచేది) పుట్టింది. ఇదే క్రామెర్ 1936లో ప్రధాన సంఖ్యల మధ్య ఖాళీలు ఎంత పెద్దవి కావచ్చన్న దాని మీద ఒక ఊహ చెప్పాడు. ప్రధాన సంఖ్యలను లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా పడ్డవాటిలా చూసి చెప్పిన ఊహ అది. ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. "వడ్డీ లెక్కలు" అని నవ్వేవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పాలి?

ఇంకోవైపు కథ కూడా ఉంది, అంత సంతోషకరమైనది కాదు. వయసును బట్టి లెక్క కట్టిన ప్రీమియంతో జీవిత బీమా అమ్మిన మొదటి సంస్థ లండన్‌లో 1762లో పుట్టిన ఈక్విటబుల్. యాక్చువరీ అనే పదవికి ఆ పేరు పెట్టిందీ అక్కడే. ఆ సంస్థ 1957 నుంచి 1988 దాకా అమ్మిన కొన్ని పింఛను పాలసీల్లో, రిటైరయ్యేనాటికి కనీసం ఇంత రేటుకి యాన్యుటీ ఇస్తామని హామీ పెట్టింది. వడ్డీ రేట్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ హామీకి విలువే లేనట్టుండేది. మార్కెట్ రేటే దానికంటే మెరుగు. 1990ల్లో వడ్డీ పడింది, మనుషులు ఎక్కువ కాలం బతకడం మొదలైంది, హామీ బరువెక్కింది. హామీ ఉన్నవాళ్లకు చివరి బోనస్ తగ్గించి సర్దుకుందామని చూస్తే కేసు అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికంటే పై కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి 2000 జులైలో సంస్థ ఓడిపోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో కొత్త పాలసీలు అమ్మడం ఆపేసింది.

ఆ హామీ గణితం భాషలో ఒక ఆప్షన్, అంటే లాభం ఉంటేనే వాడుకునే హక్కు. ఆప్షన్లకు ధర కట్టడం చూపిన బ్లాక్, షోల్స్, మెర్టన్ల పని 1973లోనే బయటికొచ్చింది. అక్కడున్నవాళ్లందరూ ప్యూర్ మ్యాథ్స్ చదివి ఉంటే సంస్థ బతికేదని నేను చెప్పను. అందులో పాలన లోపాలున్నాయి, చట్టపు చిక్కులున్నాయి, అతి నమ్మకం ఉంది. కానీ "ఈ సంఖ్య ఈరోజు సున్నాకి దగ్గరగా ఉంది" అన్నదాన్ని "ఈ సంఖ్య సున్నా" అని చదవడం మాత్రం గణితం క్లాసులో మొదటి ఏడాదే చివాట్లు తెచ్చిపెట్టే తప్పు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇంటి పరిస్థితి బట్టి తొందరగా ఉద్యోగం కావలసినవాళ్లకు ఎగ్జెంప్షన్ అంటే కలిసొచ్చే కాలం, కలిసొచ్చే జీతం. వారం రోజుల ప్రశ్నలతో కూర్చునే తీరిక అందరికీ ఉండదు. ఒప్పుకుంటాను. పైగా ఎగ్జెంప్షన్ ఇచ్చే పేపర్లలో చాలా వాటికి నిజంగానే మంచి సిలబస్ ఉంది. సర్వైవల్ మోడల్స్‌లో (ఎవరు ఎంతకాలం బతుకుతారో అంచనా వేసే లెక్కల్లో) స్టాటిస్టిక్స్ పండితుడు కాక్స్ 1972లో ఇచ్చిన పద్ధతిని శ్రద్ధగా చదివితే ఎక్కడైనా పనికొస్తుంది. నేను వద్దనేది ఆ పేపర్లను కాదు. మార్కు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చూసి ఐచ్ఛికాలు ఎంచుకోవడాన్ని. మొదటి పేపర్లు నాలుగు ముందే తీరినా, ఆ తర్వాతి పెద్ద పేపర్లు ఎలాగూ ఉంటాయి. అక్కడ అడిగేది సూత్రాలను కాదు, వాదనను. చాలామంది ఏళ్ల తరబడి ఆగిపోయేది అక్కడే.

కంప్యూటర్లు ఉన్నాయి కదా, ఇదంతా ఎందుకు అనేవాళ్లకు ఒక్క మాట. లెక్క చెయ్యడం ఎప్పుడో చవకైపోయింది. సిమ్యులేషన్ పది లక్షల సార్లు నడిపినా, స్వతంత్రం అనుకుని రాసిన కోడ్ స్వతంత్రమైన జవాబే పది లక్షల సార్లు చెబుతుంది.

ఇక ఎంచుకోవలసినవాళ్లకు. మొదటి రెండేళ్లలో రియల్ అనాలిసిస్, లినియర్ ఆల్జీబ్రా వదలకండి. మూడో ఏడాది ఐచ్ఛికాల్లో స్టోకాస్టిక్ ప్రాసెసెస్ (కాలంతో పాటు యాదృచ్ఛికంగా మారేవాటి గణితం) ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి, మార్కోవ్ చైన్లు రాకుండా ఈ వృత్తిలో అడుగు పడదు. మెజర్ థియరీ అందరికీ అక్కర్లేదు, కానీ కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్ అంటే అసలేమిటో అక్కడే తెలుస్తుంది, ఓపిక ఉంటే కూర్చోండి. ఎగ్జెంప్షన్‌కి కావలసిన మార్కు ఒకటో రెండో తగ్గితే కంగారు పడకండి, ఆ పేపరు బయట రాసుకోవచ్చు, ఏడాదికి రెండు విడతలు పెడతారు. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ఎగ్జెంప్షన్ల జాబితా వాళ్లే చేతిలో పెడతారు, అడగనక్కర్లేదు. అడగాల్సింది ఇంకోటి ఉంది: అనాలిసిస్ పాఠాన్ని యాక్చూరియల్ వాళ్లకూ గణితం వాళ్లకూ ఒకే క్లాసులో చెబుతారా, విడిగానా? విడిగా అంటే, నిరూపణలు ఉంటాయో లేదో ఆ క్లాసు పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని చూసుకోండి.